ఆకు చక్కెర, గడ్డి సెల్యులోజ్, బండి ఇంధనం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్తాను. మొక్కలో చక్కెర ఎలా కదులుతుంది, సెల్యులోజ్ అంటే ఏమిటి, గడ్డితో ఇథనాల్ (పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్) నిజంగా వస్తుందా అని క్లాసులో పిల్లలు, ఊళ్లో రైతులు, పెట్రోల్ బంకు దగ్గర కలిసిన స్నేహితులు అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చూడ్డానికి మూడు వేర్వేరు విషయాలు. నాకు మాత్రం ఒకటే కథ: ఆకు తయారు చేసిన చక్కెర ఏ దారిన పోయింది, ఎక్కడ ఆగింది, ఏ రూపంలో గట్టిపడింది అన్నది. వరుసగా చదవాల్సిన పని లేదు. కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

మొక్కలో చక్కెర రవాణా అంటే ఏమిటి?

ఎండ తగిలే ఆకు తనకు సరిపోయే దానికన్నా ఎక్కువ చక్కెర తయారు చేస్తుంది. వేరు, గింజ, కాయ, దుంప సొంతంగా వండుకోలేవు, వండుకున్నా చాలదు. ఆకు వండినది వాటికి చేరాలి. ఈ చేరవేతనే చక్కెర రవాణా అంటాం. పంపే భాగాన్ని సోర్స్ అనీ, పుచ్చుకునే భాగాన్ని సింక్ అనీ పిలుస్తారు. ఒకే ఆకు రెండు పాత్రలూ వేస్తుంది. చిగురుగా ఉన్నప్పుడు పుచ్చుకుంటుంది, ముదిరాక పంపుతుంది.

వరి గింజలో నిండే పిండిలో పెద్ద వాటా పోటాకు (వెన్నుకు కిందనే ఉండే చివరి ఆకు), దాని కింది ఒకటి రెండు ఆకులు పంపిన చక్కెరే. వెన్ను వేసే దశలో పోటాకును కాపాడుకోమని వ్యవసాయాధికారులు అంతగా చెప్పేది ఇందుకే.

నీళ్లు పైకెక్కే దారి, చక్కెర దిగే దారి ఒకటేనా?

కాదు. నీళ్లు దారువులో, అంటే కట్టె భాగంలోని నాళాల్లో, పైకి వెళ్తాయి. చక్కెర పోషక కణజాలంలో నడుస్తుంది. చెట్టు కాండంలో ఈ రెండోది బెరడు లోపలి పొరలో ఉంటుంది. జామకో దానిమ్మకో గాలి అంటు కట్టిన వాళ్లకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. కొమ్మ చుట్టూ వేలెడు మేర బెరడు వలిచేస్తారు. అయినా పై ఆకులు వాడవు, ఎందుకంటే నీళ్ల దారి లోపల కట్టెలో భద్రంగా ఉంది. తెగింది చక్కెర దారి. పై నుంచి దిగొచ్చే చక్కెర, దానితోపాటు వచ్చే హార్మోన్లు కోత పై అంచు దగ్గర ఆగిపోతాయి. అక్కడ బుడిపెలా ఉబ్బి, తేమ తగిలితే వేర్లు వేస్తుంది. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీగీ ఇలాగే బెరడు వలయంగా తీసి, పై అంచు ఉబ్బడాన్ని గమనించి రాసిపెట్టాడు.

చక్కెర ఎప్పుడూ కిందికే పోతుందనుకోకండి. కింది ఆకు నుంచి పైనున్న పూతకీ కాయకీ కూడా పోతుంది. సింక్ ఎటుంటే అటే దాని నడక.

గుండెకాయ లేకుండా చక్కెర అంత దూరం ఎలా కదులుతుంది?

జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ మ్యూంక్ 1930లో దీనికి ఒక సమాధానం ప్రతిపాదించాడు. ఇప్పటికీ మనం నమ్ముతున్నది అదే. ఆకు దగ్గర పోషక నాళాల్లోకి చక్కెర ఎక్కుతుంది. చిక్కబడిన ఆ రసంలోకి పక్కనున్న దారువు నుంచి నీళ్లు వాటంతట అవే వచ్చి చేరతాయి. ఒత్తిడి పెరుగుతుంది. అవతలి కొసన వేరో గింజో చక్కెరను తీసేసుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడి వైపు రసం సాగిపోతుంది, గంటకు సుమారు అర మీటరు నుంచి మీటరు దాకా. నాళంలో ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి పది రెట్ల దగ్గర ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలికన్నా నాలుగు రెట్లు ఎక్కువ.

ఇంత సన్నని నాళంలో ఒత్తిడి ఉందని ఎలా తెలిసింది? పురుగు చెప్పింది. పేనుబంక తన సూదిలాంటి నోటిని సరిగ్గా ఒక్క పోషక నాళంలోకి దించుతుంది. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే ఇద్దరు పరిశోధకులు పురుగును తీసేసి ఆ సూదిని మాత్రం మొక్కలో ఉంచారు. ఆ తెగిన సూది కొస నుంచి రసం గంటల తరబడి బొట్లుబొట్లుగా కారుతూనే ఉంది. పీల్చేవాళ్లు లేకపోయినా వస్తోందంటే లోపలి నుంచి ఏదో తోస్తున్నట్టే కదా. ఆ పురుగుకు మనవాళ్లు పెట్టిన పేరులోనే బంక ఉంది చూడండి. ఆకుల మీద జిగటగా అంటుకునే ఆ బంక, ఒత్తిడితో పురుగు కడుపులోకి వచ్చి, దానికి అక్కర్లేక బయటికి పోయిన మొక్క చక్కెరే.

కల్లుకీ దీనికీ సంబంధం ఉందంటారు. నిజమా?

నిజమే. తాటి గెల కొసను చెక్కి లొట్టి కడితే అందులో పడేది పోషక కణజాలపు రసం. పూతకీ కాయకీ పోవాల్సిన సుక్రోజ్ అది. గీత కార్మికులు రోజూ మళ్లీ కొంచెం చెక్కుతారు. తెగిన నాళాలను మొక్క తనంతట తాను మూసేసుకుంటుంది కాబట్టి కొత్త కోత లేకపోతే ధార ఆగుతుంది. తెల్లవారుజామున దించినది తియ్యని నీరా. ఎండెక్కేసరికి గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్ట్ దాన్ని పులియబెట్టి ఇథనాల్ చేస్తుంది. బండిలో పోసే ఇథనాల్ కూడా ఇదే అణువు. తేడా ఎక్కడంటే, కల్లులో చక్కెర విడిగా, కరిగి, సిద్ధంగా ఉంది. గడ్డిలో చక్కెర బిగించి కట్టేసి ఉంది.

గ్లూకోజ్ ఉండగా మొక్క సుక్రోజ్‌నే ఎందుకు పంపుతుంది?

గ్లూకోజ్‌కి చురుకుదనం ఎక్కువ, దారిలో కనిపించిన ప్రోటీన్లకు అతుక్కుంటుంది. సుక్రోజ్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ తమ చురుకైన కొసలతోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందుకే అది ప్రయాణంలో చెడదు. అన్ని మొక్కలూ సుక్రోజ్ మీదే ఆధారపడవు. గుమ్మడి జాతి మొక్కలు రాఫినోజ్, స్టాకియోజ్ లాంటి పెద్ద చక్కెరలు కూడా పంపుతాయి.

ఆకు కణం లోపల తయారైన చక్కెర నాళంలోకి ఎలా ఎక్కుతుంది?

కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలోంచి చక్కెర తనంతట తాను దూరలేదు. దానికి తలుపులు కావాలి. చాలా పంట మొక్కల్లో ఈ పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట చక్కెర కణం బయటి సందులోకి వస్తుంది, తర్వాత అక్కడి నుంచి నాళంలోకి ఎక్కుతుంది.

ముందు దొరికింది రెండో అంచె తలుపు. 1992లో జర్మనీ శాస్త్రవేత్తలు పాలకూర జన్యువులను ఈస్ట్‌లో పెట్టి చూశారు. బయటి సుక్రోజ్‌ను తినలేక అలమటించే ఈస్ట్ రకం ఒకటి వాళ్లు తయారు చేసుకున్నారు. ఏ పాలకూర జన్యువు దొరికితే ఆ ఈస్ట్ సుక్రోజ్ తిని బతికిందో, అదే సుక్రోజ్‌ను లోపలికి లాగే పంపు. మొదటి అంచె తలుపు దొరకడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ ఆవరణలో ఉన్న కార్నెగీ సంస్థలో వోల్ఫ్ ఫ్రోమర్ బృందం, చక్కెర తగిలితే వెలుగు మారే ఒక ప్రోటీన్‌ను మనిషి కణాల్లో పెట్టి, మొక్క జన్యువులను ఒక్కొక్కటిగా వాటిలోకి పంపింది. అలా బయటపడిన తలుపులకు 'స్వీట్' అని పేరు పెట్టారు. ఆవజాతి చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో ఇవి 17 ఉన్నాయి, వరిలో 21. మనిషిలో ఒకటే. 2012లో అదే బృందం అరాబిడాప్సిస్‌లో రెండు స్వీట్ తలుపులను ఒకేసారి మూసేసి చూసింది. చక్కెర ఆకులోనే పేరుకుపోయింది, మొక్క గిడసబారింది.

పూలలో తేనె ఊరడానికీ ఇదే కుటుంబంలోని ఒక తలుపు కావాలని 2014లో తేలింది.

వరిలో ఎండాకు తెగులుకీ ఈ చక్కెర తలుపులకీ సంబంధం ఏమిటి?

ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. కాస్త వివరంగా చెప్తాను.

బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చే క్రిమి పేరు జాంథోమోనాస్. ఆకు అంచుల్లో నీటి బొట్లు బయటికొచ్చే రంధ్రాల గుండానో, గాలివానకు ఆకు చిరిగిన చోట నుంచో లోపలికి దూరి దారువులో కాపురం పెడుతుంది. కానీ దారువులో ఉండేది నీళ్లు, అక్కడ దానికి తిండి దాదాపు లేదు. అప్పుడు అది ఒక ఎత్తు వేస్తుంది. సూదిలాంటి ఒక నిర్మాణంతో తన ప్రోటీన్‌ను వరి కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్ తిన్నగా కేంద్రకంలోకి వెళ్లి, స్వీట్ జన్యువు ముందుండే మీట లాంటి భాగాన్ని వెతికి పట్టుకుని నొక్కుతుంది. ఆ ఆకులో ఊరికే పడి ఉండాల్సిన చక్కెర తలుపులు కుప్పలుగా తయారవుతాయి. మొక్క తన చక్కెరను తనే క్రిమికి వడ్డిస్తుంది. ఆకు అంచుల నుంచి పసుపుగా మొదలై, తెల్లబారి, గడ్డిలా ఎండిపోతుంది.

దశాబ్దాల ముందే తెగులు తట్టుకునే కొన్ని వరి రకాలలో ఎక్స్‌ఏ13 అనే జన్యువును గుర్తించారు. అది ఎందుకు పనిచేస్తుందో అప్పట్లో అర్థం కాలేదు. తర్వాత తేలిందేమిటంటే, అది కొత్త ఆయుధం ఏమీ కాదు. స్వీట్11 జన్యువే, దాని ముందున్న మీట మాత్రం కొంచెం మారి ఉంది. క్రిమి ప్రోటీన్‌కి నొక్కే చోటు దొరకదు. తలుపు తెరుచుకోదు. తిండి లేక క్రిమి మాడుతుంది.

దీనికీ మన అన్నం పళ్లానికీ నేరుగా సంబంధం ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, తెలుగువాళ్లకు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. కానీ దానికి ఎండాకు తెగులు తేలిగ్గా సోకుతుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను దానిలోకి తెచ్చాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో ఆ రకం 2008లో విడుదలైంది. స్వీట్ తలుపుల మీద పరిశోధనా పత్రం 2010లో వచ్చింది. అంటే సంగతి పూర్తిగా అర్థం కాకముందే మన పొలాల్లో ఒక చక్కెర తలుపుకి గడియ పడింది.

తెగులుకి దారి ఇస్తున్న ఆ జన్యువును పూర్తిగా తీసేస్తే పోదా?

పోదు, పంట పోతుంది. స్వీట్11 తలుపు వరి పుప్పొడికి కావాలి. దాన్ని అణచివేసిన మొక్కల్లో పుప్పొడిలో పిండి చేరక తాలు గింజలు పెరిగాయి. గింజ నిండేటప్పుడు కూడా ఇదే కుటుంబం తలుపులు పనిచేస్తాయి. అందుకే తలుపును వదిలేసి, క్రిమి నొక్కే మీటను మాత్రం మార్చడం సరైన పద్ధతి. 2019లో అంతర్జాతీయ బృందం ఒకటి జన్యు సవరణతో స్వీట్11, 13, 14 మూడింటి ముందూ ఆ మార్పులు చేసి, చాలా రకాల క్రిములను తట్టుకునే వరిని చూపించింది.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి జీఎం (జన్యుమార్పిడి) పంటా?

కాదు. మామూలుగా సంకరం చేసి, ఏ పిల్ల మొక్కలో కావాల్సిన జన్యువు వచ్చిందో డీఎన్ఏ గుర్తులతో ఎంచుకున్నారు.

చెరకు మొదలు తియ్యగా, కొస చప్పగా ఎందుకుంటుంది?

కొస గణుపులు ఇంకా పెరుగుతున్నాయి. అక్కడ ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ వచ్చిన సుక్రోజ్‌ను విరిచేస్తుంది, ఆ ముక్కలు పెరుగుదలకు ఖర్చవుతాయి. మొదలు గణుపుల్లో పెరుగుదల ఆగింది, ఆ ఎంజైమ్ తగ్గింది, వచ్చిన చక్కెర వచ్చినట్టే కణాల్లోని సంచుల్లో నిల్వ పడుతుంది. బాగా ముదిరిన చోట రసంలో నూటికి 15 పాళ్లు దాటి సుక్రోజ్ ఉంటుంది. చెరకుకు వెన్ను వస్తే తీపి చెడుతుందని పెద్దలు అనేదాంట్లోనూ ఈ లెక్కే ఉంది: పెరుగుదల ఆగి, దాచుకున్నదాన్ని మొక్క తీసి వాడుకోవడం మొదలవుతుంది.

నరికిన చెరకును ఎండలో ఉంచేస్తే అదే ఇన్వర్టేజ్, బాక్టీరియా కలిసి సుక్రోజ్‌ను తినేస్తాయి. ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరుసలో రెండు రోజులు గడిచిందంటే రికవరీ (చెరకు నుంచి వచ్చే చక్కెర శాతం) పడిపోతుంది. రైతు టెన్షన్ పడటంలో అర్థం ఉంది.

సెల్యులోజ్ కూడా చక్కెరతోనే తయారవుతుందంటారు. మరి గడ్డి తియ్యగా ఉండదేం?

అన్నంలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. తేడా అంతా ముడిలో ఉంది. పిండిపదార్థంలో గ్లూకోజ్‌లన్నీ ఒకే వైపు తిరిగి అతుక్కుంటాయి, గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, మధ్యలోకి నీళ్లూ ఎంజైములూ వెళ్లగలవు. అన్నాన్ని కాసేపు నమిలితే తీపి తగిలేది అందుకే. సెల్యులోజ్‌లో ఒక గ్లూకోజ్ నిలబడితే పక్కది తలకిందులుగా ఉంటుంది. గొలుసు కర్రలా తిన్నగా సాగుతుంది. తిన్నని కర్రలను మోపుగా కడితే ఎలా బిగుస్తాయో, ఆ గొలుసులు పక్కపక్కన అలా బిగుసుకుంటాయి. మధ్యలోకి నీటి చుక్కకైనా సందు దొరకడం కష్టం.

దీన్ని 1838లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పేయన్ విడదీసి గుర్తించాడు. భూమి మీద జీవులు తయారు చేసే పదార్థాల్లో ఇంతకన్నా ఎక్కువగా ఉన్నది మరొకటి లేదు.

మొక్క దీన్ని ఎలా అల్లుతుంది?

కణం పైపొరలో ఆరు రేకుల పువ్వు ఆకారంలో ఒక ఎంజైముల గుంపు ఉంటుంది. లోపలి నుంచి గ్లూకోజ్ అందుకుని బయటికి దారంలా వదులుతుంది. ఒక్కో గుంపు దాదాపు 18 గొలుసులను ఒకేసారి వదులుతుందని, అవి బయటికి రాగానే ఒక సన్నని పోగుగా బిగుస్తాయని ఇప్పటి అంచనా. 2006లో కార్నెగీ సంస్థ శాస్త్రవేత్తలు ఈ ఎంజైముకి మెరిసే ప్రోటీన్ తగిలించి, బతికున్న కణంలో అది కదలడాన్ని సూక్ష్మదర్శిని కింద వీడియో తీశారు. కణం లోపల పట్టాల్లా పరిచి ఉన్న సూక్ష్మ నాళికల వెంట ఈ చుక్కలు మెల్లగా జరుగుతూ, వెనక పోగును వదులుకుంటూ పోతాయి. మగ్గం మీద నేత చూసినవాళ్లకి ఆ వీడియో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడే చక్కెర రవాణా, సెల్యులోజ్ కలుస్తాయి. ప్రయాణించి వచ్చిన సుక్రోజ్‌ను ఒక ఎంజైమ్ రెండుగా విరుస్తుంది. అందులోని గ్లూకోజ్ భాగం నేరుగా ఈ అల్లికకు సరిపోయే రూపంలో వస్తుంది. పత్తిని చూడండి. ఒక్కో పత్తి పోగు గింజ పైపొరలోని ఒకే ఒక్క కణం. అది 2.5 నుంచి 3 సెంటీమీటర్ల పొడవు సాగి, కాయ పగిలేనాటికి నూటికి 90 పాళ్లకు పైగా సెల్యులోజ్ అవుతుంది. ఆ విరిచే ఎంజైమును తగ్గించిన పత్తి మొక్కల్లో పోగులు ఎదగకుండా ఆగిపోయాయి. అంటే పింజ పొడవు పత్తి ఆకు పంపిన చక్కెర మీదే ఆధారపడి ఉంది. వరిలో కూడా అల్లిక ఎంజైములు పాడైన మొక్కలున్నాయి. వాటి గడ్డి చేత్తో వంచితే వంగదు, పుటుక్కున విరుగుతుంది.

ఆవు గడ్డి తిని బతుకుతోంది కదా, మనకెందుకు అరగదు?

ఆవుకీ అరగదు. దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులకు అరుగుతుంది. నెమరు వేసి నలగ్గొట్టి, వెచ్చని తొట్టిలాంటి మొదటి పొట్టలో గంటలకొద్దీ నానబెట్టి, వాటి చేత ఆవు ఆ పని చేయించుకుంటుంది. గడ్డి ఇథనాల్ ఫ్యాక్టరీ ఉక్కుతో కట్టిన ఆవు పొట్ట అనుకోవచ్చు.

వరిగడ్డి నుంచి ఇథనాల్ ఎలా తీస్తారు?

ముందుగా గడ్డిని తరిగి, కడిగి, ఆవిరితోనో పలుచని ఆమ్లంతోనో ఉడికిస్తారు. గడ్డిలో సెల్యులోజ్ ఒక్కటే ఉండదు. దాని చుట్టూ హెమిసెల్యులోజ్ అనే మరో చక్కెరల వల, ఆ రెండిటినీ అంటించే లిగ్నిన్ అనే జిగురు ఉంటాయి. ఉడికిస్తే ఈ పట్టు సడలుతుంది. తర్వాత ఎంజైములు పోసి సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విరగ్గొడతారు. ఆఖర్న ఈస్ట్ వేసి పులియబెట్టి, ఇథనాల్‌ను బట్టీలో కాచి వేరు చేస్తారు.

ఆ ఎంజైముల కథ వినదగ్గది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు బట్టలు వారాల్లోనే కుళ్లిపోయేవి. సోలమన్ దీవుల నుంచి తెచ్చిన అలాంటి గుడ్డ మీద దొరికిన బూజు ట్రైకోడెర్మా రీసై. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరే దానికి పెట్టారు. ఇప్పుడు పరిశ్రమకు కావాల్సిన సెల్యులేజ్ ఎంజైముల్లో అధిక భాగం ఆ ఒక్క బూజు సంతతి నుంచి వస్తోంది. మన రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లే ట్రైకోడెర్మా విరిడికి ఇది దగ్గర చుట్టం.

ఈస్ట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్‌ను మామూలు ఈస్ట్ తినదు. దాన్ని తినేలా ఈస్ట్‌లో జన్యువులు చేర్చిన తొలి పనుల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాన్సీ హో చేసినది ముఖ్యమైనది. 2010లో కాలిఫోర్నియా బృందం ఒకటి రొట్టె బూజులోని చక్కెర తలుపును ఈస్ట్‌కి అమర్చింది. దాంతో సెల్యులోజ్ సగం విరిగిన ముక్కలను కూడా ఈస్ట్ నేరుగా లోపలికి తీసుకోగలిగింది. చూశారా, ఇక్కడ కూడా కథ తలుపు దగ్గరికే వచ్చింది.

టన్ను గడ్డికి ఎన్ని లీటర్లు వస్తుంది?

కాగితం మీద లెక్క చేద్దాం. పొడి వరిగడ్డి టన్నులో సుమారు 350 కిలోల సెల్యులోజ్ ఉందనుకుందాం. విరిచేటప్పుడు నీరు చేరుతుంది కాబట్టి దాని నుంచి దాదాపు 390 కిలోల గ్లూకోజ్ వస్తుంది. గ్లూకోజ్ బరువులో 51 శాతమే ఇథనాల్ అవుతుంది, మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అంటే 250 లీటర్ల దాకా. హెమిసెల్యులోజ్‌ను కూడా పూర్తిగా వాడగలిగితే మొత్తం 400 లీటర్లకు చేరొచ్చు.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సుమారు 900 కోట్ల రూపాయలతో కట్టిన ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం. భాగిస్తే టన్నుకు 150 లీటర్లు. 400కీ 150కీ మధ్య ఉన్న ఆ ఖాళీ మీదే ప్రపంచంలో ఇన్ని ల్యాబులు పనిచేస్తున్నాయి.

అమెరికాలో ఇలాంటి ఫ్యాక్టరీలు మూతపడ్డాయట. ఎందుకు?

అవును. 2007 చట్టం ప్రకారం 2022 నాటికి ఏడాదికి 1600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం రావాలి. దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. కాన్సాస్‌లో అబెంగోవా 2014లో తెరిచిన ప్లాంటు 2016కల్లా దివాలాలో పడింది. అయోవాలో డ్యూపాంట్ 2015లో తెరిచి 2017లో ఆపేసింది.

ఎంజైముల ధర ఒక కారణం. 2014 నుంచి ముడిచమురు ధర పడిపోవడం ఇంకో కారణం. కానీ చాలామంది ఊహించని కారణం మట్టి. పొలం నుంచి వచ్చిన కట్టలతో పాటు ఇసుక, రాళ్లు వచ్చి యంత్రాలను అరగదీశాయి. గడ్డి తడిస్తే గొట్టాల్లో ఇరుక్కుంటుంది, ఎండితే నిప్పు భయం. చెరకుకి ఈ బాధ తక్కువ. పిప్పి ఎలాగూ ఫ్యాక్టరీకే వస్తుంది, అప్పటికే నలిగి ఉంటుంది. బ్రెజిల్‌లో రైజెన్ కంపెనీ పిప్పితో ఇథనాల్ తీయడం కొనసాగించగలగడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం. వరిగడ్డిలో సిలికా కూడా ఎక్కువ కాబట్టి మనకి ఇంకా కష్టం.

అడ్డం పడేది లిగ్నిన్ అయితే, లిగ్నిన్ తక్కువ ఉండే మొక్కలు పెంచొచ్చు కదా?

కొంతవరకు. లిగ్నిన్ లేకపోతే మొక్క నిలబడదు, నీటి నాళాలు నొక్కుకుపోతాయి, గాలివానకు చేను పడిపోతుంది. కానీ కొంచెం తగ్గితే లాభమే. మొక్కజొన్నలో ఆకు నడిమి ఈనె గోధుమ రంగులో ఉండే మొక్కలను 1924లోనే అమెరికాలో గమనించారు. జొన్నలో కూడా అలాంటివి తయారు చేశారు. వాటిలో లిగ్నిన్ తక్కువ, చొప్ప పశువులకు బాగా అరుగుతుంది. పశువుకి ఏది తేలికో ఎంజైముకీ అదే తేలిక. తీపి జొన్నను ఇథనాల్ పంటగా పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చాలా ఏళ్లు ప్రోత్సహించింది. అందులో నాకు నచ్చేది, గింజ మనిషికి, రసం ఇథనాల్‌కి, పిప్పి పశువుకి మిగలడం. చెరకుకన్నా నీళ్లూ చాలా తక్కువ.

గడ్డంతా ఫ్యాక్టరీకి పోతే పశువుల సంగతేంటి?

ఈ ప్రశ్న అడిగిన రైతుకు నేను దణ్ణం పెట్టాను. పంజాబ్, హర్యానాల్లో వరిగడ్డిని కాల్చేస్తున్నారు కాబట్టి అక్కడ దాన్ని వాడటం గాలికీ మేలు. మన దగ్గర గడ్డివామి ఇప్పటికీ పాడి పశువుకు ఆధారం. కోత మిషన్లు వచ్చాక మన చేలల్లోనూ కొంత తగలబెడుతున్నారన్నది నిజం. అలా తగలబడేది తీసుకోవాలి గానీ, వామి జోలికి పోకూడదు. చేలో కొంత గడ్డి కుళ్లడం కూడా అవసరమే. గడ్డితో పాటు పొటాష్ బయటికి పోతుంది, భూమిలో సేంద్రియ పదార్థం తగ్గుతుంది.

ఇప్పుడు బంకులో పోస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్)లో ఉన్నది గడ్డి ఇథనాలేనా? మైలేజీ తగ్గుతుందా?

దాదాపు కాదు. మన దేశంలో ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్ చాలావరకు మొక్కజొన్న, బియ్యం, చెరకు నుంచి వస్తోంది. గడ్డి నుంచి వచ్చేది బహు కొంచెం. తిండిగింజను బండికి పోయడం నాకు మింగుడుపడదు, గడ్డి పరిశోధన మీద ఇంత పట్టు ఉండటానికి అదీ ఒక కారణం. మైలేజీ విషయానికొస్తే, లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే లీటరుకు 7 శాతం దాకా శక్తి తగ్గుతుంది. దానికి తగ్గట్టు తయారైన ఇంజిన్లు కొంత రాబట్టుకుంటాయి.

నేను బీఎస్సీ చదువుతున్నాను. ఈ పరిశోధనలోకి ఎలా రావాలి?

ఎమ్మెస్సీలో వృక్షశాస్త్రం, బయోటెక్నాలజీ, జీవరసాయనశాస్త్రం ఏదైనా ఫరవాలేదు. తర్వాత నెట్ రాసి పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. దగ్గర్లోనే సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లో వరి, చిరుధాన్యాల పరిశోధన సంస్థలు, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. ఢిల్లీలో మొక్కల జన్యు పరిశోధన సంస్థ ఎన్ఐపీజీఆర్, జీవ ఇంధనాల మీద పనిచేసే ఐసీజీఈబీ ఉన్నాయి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఈ వారమే మీ కాలేజీ ల్యాబులో ఒక పని చేయండి. చిక్కుడు తీగ నుంచి ఒక ఆకు సాయంత్రం కోయండి, అదే తీగ నుంచి ఇంకో ఆకు మర్నాడు సూర్యోదయానికి ముందు కోయండి. రెంటినీ కోయగానే మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, తర్వాత స్పిరిట్ గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచి పచ్చదనం పోయేదాకా నానబెట్టండి. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకండి, మేడమ్‌నో సార్‌నో పక్కన ఉండమనండి. తర్వాత ఆకుల మీద అయోడిన్ చుక్కలు వేయండి. సాయంత్రం కోసిన ఆకు నల్లగా మారుతుంది. తెల్లవారుజామున కోసినది పాలిపోయి కనిపిస్తుంది. పగలు దాచిన పిండి రాత్రి చక్కెరగా కరిగి, మీరు నిద్రపోతుండగా కాయలకూ వేర్లకూ వెళ్లిపోయింది.